కార్డు చేతిలో పెడితే జబ్బు పోదు

(విజయవాడ గవర్నర్‌పేటలో జరిగిన దళిత, ఆదివాసీ ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



సికిల్ సెల్ జబ్బు గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు. ఈ జబ్బు మాటెత్తితే మూడు రకాల జవాబులు వినబడతాయి. "అది ఏజెన్సీవాళ్ల జబ్బు, మనకెందుకు?" అనేది మొదటిది. ఈ మాట పైకులాల వాళ్లే కాదు, డెల్టా పల్లెల్లో మనోళ్లు కూడా అంటున్నారు. "రక్తం తక్కువ జబ్బే కదా, ఒక సీసా ఎక్కిస్తే సరిపోద్ది" అనేది రెండోది. "పరీక్షలు చేస్తున్నాం, కార్డులిస్తున్నాం, 2047 నాటికి ఈ జబ్బే ఉండదు" అనేది మూడోది. ఇది సర్కారు మాట. ఈ మూడూ సగం సగం మాటలే. రెండోదాంతో మొదలుపెడతాం. ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే మిగతా రెండూ వాటంతటవే తేలిపోతాయి.

రక్తంలో పుట్టేది, రక్తంతో ఆగనిది

ఇది రక్తంలో పుట్టే జబ్బు, నిజమే. రక్తానికి ఎరుపునిచ్చేది హీమోగ్లోబిన్. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎత్తుకుని ఒళ్లంతా పంచిపెట్టే కూలీ అది. ఈ జబ్బులో ఆ హీమోగ్లోబిన్‌లోని ఒక గొలుసులో ఆరో గింజ మారిపోయింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ ఉంది. అంతే తేడా. దానికి ఒళ్లంతా మూల్యం కడుతుంది. ప్రాణవాయువును దించేశాక ఈ హీమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలు కడుతుంది. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ఇది 10 నుంచి 20 రోజుల్లో పగిలిపోతుంది. అందుకే రక్తం తగ్గడం, కళ్లు పచ్చబడటం. పగలకుండా మిగిలినవి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ఎముకల్లో ఆ నొప్పి. ఆ నొప్పి వచ్చిన పిల్లను చూసినవాళ్లకు మేం కొత్తగా చెప్పాల్సింది లేదు.

ఈ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపులా వస్తేనే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు మాత్రమే. పొలం పని చేస్తాడు, పిల్లల్ని కంటాడు, మామూలుగా బతుకుతాడు. జబ్బు మనిషికీ వాహకుడికీ ఉన్న ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోండి. దీని గురించి మళ్లీ మాట్లాడతాం.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మేం చెప్పదల్చుకున్నది దీని తర్వాత సంగతి.

ఒంట్లో ఉన్న లాస్టిక్

పిల్లల నిక్కరుకు లాస్టిక్ వేస్తాం. లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకొస్తుంది. మన ఒంట్లోనూ అట్లాంటిది ఉంది. దాని పేరు ఎలాస్టిన్. చర్మం పట్టి లాగి వదిలితే వెనక్కి పోయేది దానివల్లనే. ఊపిరి పీల్చినప్పుడు ఉబ్బిన ఊపిరితిత్తులు తిరిగి తగ్గేది దానివల్లనే. అన్నిటికన్నా పెద్ద పని రక్తనాళాల్లో ఉంది. మన ఊళ్లో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఉన్నాయి. బ్యారేజీ దగ్గర గేటు ఒక్కసారిగా ఎత్తి దించితే కాలువ గట్టు ఏమవుద్ది? కోసుకుపోద్ది. గుండె నిమిషానికి 70 సార్లు గేటెత్తి దించుతోంది. మన గట్లు తెగకుండా ఉన్నాయంటే ప్రతి దెబ్బకీ అవి కాస్త సాగి, మళ్లీ దగ్గరపడుతున్నాయి కాబట్టే.

ఈ ఎలాస్టిన్‌కు ఒక లక్షణం ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఎక్కువగా తయారవుతుంది. పెద్దయ్యాక ఒళ్లు దీన్ని కొత్తగా చేసుకోవడం దాదాపు మానేస్తుంది. ఉన్నదాంట్లో సగం అరగడానికి 70 ఏళ్లకు పైగా పడుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. అంటే మనిషి జన్మకంతా ఒకటే జత. రక్తం తగ్గితే సీసా ఎక్కించొచ్చు. ఎలాస్టిన్ తెగితే ఎక్కించడానికి ఏ బ్లడ్ బ్యాంకులోనూ సీసా లేదు.

సికిల్ సెల్ జబ్బు ఈ ఎలాస్టిన్ మీద పడుతుంది. పగిలిన కణాల నుంచి హీమోగ్లోబిన్, దాంట్లోని ఇనుము నాళాల్లోకి కారతాయి. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను ఆ హీమోగ్లోబిన్ మింగేస్తుంది. ఇనుము ఒళ్లంతా తుప్పు లాంటి చేటు తెస్తుంది. నాళం గోడలు ఎప్పుడూ వాపులోనే ఉంటాయి. వాపు ఉన్నచోట ఎలాస్టిన్‌ను కత్తిరించే రసాయనాలు పుడతాయి. ఆటోనగర్‌లో పనిచేసే తమ్ముళ్లకు తెలుసు, టైరు ఒక్కరోజులో పేలదు. ఎండకు ఎండి, పక్కన సన్నగా పగుళ్లు పడి, చివరికి ఒక రోజు దారిలో పేలుద్ది. ఇదీ అంతే.

కంటిలో బీటలు

ఈ పగుళ్లను మనిషిని కోయకుండా కళ్లారా చూడగలిగే చోటు ఒకటుంది. కన్ను. కంటి వెనక చూపు పొర కింద ఇంకో పల్చని పొర ఉంది. బ్రూక్ పొర అంటారు. మందం మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండు నుంచి నాలుగు. దాని నడుమ ఎలాస్టిన్ వల ఉంటుంది. ఆ వల గట్టిపడి పెళుసైతే పొర చిట్లుతుంది. వేసవిలో నల్లరేగడి చేను బీటలు వారినట్టు కంటినరం చుట్టూ నుంచి బీటలు బయల్దేరతాయి. డాక్టరు కంట్లో మందు వేసి, దీపం పెట్టి చూస్తే ఎర్రగానో గోధుమరంగులోనో చారలు కనబడతాయి. వీటిని 1889లో ఇంగ్లండులో డోయిన్ అనే డాక్టరు మొదట రాశాడు. 1892లో నాప్ వీటికి యాంజియాయిడ్ స్ట్రీక్స్ అని పేరు పెట్టాడు. రక్తనాళాల్లా కనబడే చారలని అర్థం. అవి నాళాలు కావు, చిరుగులు.

సికిల్ సెల్ ఉన్న చిన్న వయసువాళ్లలో ఈ బీటలు వందలో ఒకరిద్దరికి కనబడతాయి. జమైకాలో 40 ఏళ్లు దాటినవాళ్లను పరీక్షించి 1976లో అచ్చువేసిన లెక్కలో 22 శాతం మందికి ఉన్నాయి. అంటే వయసుతోపాటు పెరిగే నష్టం ఇది. ఎందుకు చిట్లుతోంది? పగిలిన కణాల ఇనుము ఆ పొరలో పేరుకుంటోందని మొదట అనుకున్నారు. తర్వాత చనిపోయినవాళ్ల కళ్లను సూక్ష్మదర్శినిలో చూస్తే అక్కడ ఇనుము కాదు, సున్నం, అదే కాల్షియం, పేరుకుని ఉంది. సాగే పోగులకు సున్నం పట్టి పెళుసెక్కాయి. ఆ సున్నం ఎందుకు పడుతోందనే చర్చ శాస్త్రంలో ఇంకా నడుస్తోంది.

తలసేమియా కూడా హీమోగ్లోబిన్ జబ్బే. తలసేమియావాళ్లలో ఇదే నష్టం కంటిలోనే కాక చర్మంలో, పెద్ద రక్తనాళాల్లో కూడా కనబడుతుందని గ్రీసు దేశపు డాక్టర్లు ఎన్నో కేసులు రాశారు. మెడ పక్కన, చంకల్లో చర్మం వదులై, పసుపు పొక్కులతో ఈకలు పీకిన కోడి చర్మంలా అవుతుంది. సికిల్ సెల్‌లో చర్మం మీద ఇది అరుదు. సికిల్, తలసేమియా రెండూ చెరో వైపు నుంచి కలిసి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఈ సంగతి డాక్టర్లకు తెలిసి ఉండాలి.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. సికిల్ సెల్ వాళ్లలో ఈ బీటల వల్ల చూపు పోవడం తక్కువే. కానీ బీట చూపుకు నడిబొడ్డున పడితే, దాంట్లోంచి కొత్త నాళాలు మొలిచి కారితే, చూపు పోతుంది. కంటికి దెబ్బ తగిలినా ఆ పెళుసు పొర చిట్లి రక్తం చేరుతుంది. రాళ్లు కొట్టే పని, కట్టెలు కొట్టే పని చేసే మనోళ్లకు కంటి దెబ్బ ఎంత దూరం? దీనికి తోడు కంటి అంచుల్లో నాళాలు మూసుకుపోయి పిచ్చి నాళాలు మొలవడం అనేది వేరే ఉంది. చూపుకు దానివల్లే ప్రమాదం ఎక్కువ. ఈ రెండిటికీ మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు. అందుకనే పదేళ్ల వయసు నుంచి ఏటా, కనీసం రెండేళ్లకోసారి, కంటి వెనక చూడాలని వైద్య సూత్రం. ఏజెన్సీలో కార్డు ఉన్న ఎంతమంది పిల్లల కంటి వెనక ఎవరు చూశారో సర్కారు లెక్క చెప్పాలి.

"గాలి సోకింది" అంటే ఏంటి?

కన్ను కన్నా పెద్ద సంగతి మెదడు. మెడలోంచి మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళాల లోగోడలో ఎలాస్టిన్ పొర ఒకటుంది. సికిల్ సెల్ పిల్లల్లో ఆ పొర ముక్కలవుతుంది. తెగినచోట గోడ దళసరెక్కి నాళం ఇరుకవుతుంది. ఒకరోజు మూసుకుపోతుంది. ఆరేళ్ల పిల్లకు కాలూ చెయ్యీ పడిపోతాయి. ఊళ్లో "గాలి సోకింది" అంటారు. సోకింది గాలి కాదు, తెగింది లాస్టిక్.

అమెరికాలో ఏ ముందుజాగ్రత్తా లేని రోజుల లెక్కలో 20 ఏళ్లు వచ్చేలోపు ఈ జబ్బున్నవాళ్లలో 11 శాతం మందికి పక్షవాతం వచ్చింది. మన దేశంలో చాలామందికి పసితనపు హీమోగ్లోబిన్ కొంత ఎక్కువగా మిగిలి ఉంటుంది కాబట్టి జబ్బు కొంచెం మెత్తగా ఉంటుందని డాక్టర్లు అంటారు. నిజమే, కానీ అందరికీ కాదు. నాగపూర్ వైపు తీవ్రంగా ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు. "మన దగ్గర మెత్తన" అనే మాట చేతులు దులుపుకోవడానికి సాకు కాకూడదు.

ఆ ఎలాస్టిన్‌ను కత్తిరించేది ఎవరో కూడా ఇప్పుడు తెలుస్తోంది. అమెరికాలో జార్జియా టెక్‌లో మను ప్లాట్ అనే నల్లజాతి శాస్త్రవేత్త బృందం కేథెప్సిన్ కె అనే కత్తెర మీద పరిశోధించింది. ఆయన పేరులో మను ఉన్నాడు గానీ మన మనువు కాదు, పీడితుల జబ్బును పట్టించుకున్న మనిషి. ఈ కత్తెరను ఆపే మందు ఆసుపత్రిదాకా ఇంకా రాలేదు. వచ్చేదాకా చేయగలిగింది మాత్రం ఎప్పుడో తెలిసిపోయింది. మెడ, మెదడు నాళాల్లో రక్తం ఎంత వేగంతో పోతోందో చూసే డాప్లర్ పరీక్ష ఉంది. సూది లేదు, కోత లేదు. వేగం ఎక్కువున్న పిల్లలకు క్రమంగా రక్తం ఎక్కిస్తే మొదటి పక్షవాతం 92 శాతం తగ్గిందని 1998లోనే రుజువైంది. హైడ్రాక్సీయూరియా అనే బిళ్ల నొప్పులు తగ్గిస్తుందని 1995లోనే రుజువైంది. అది పసితనపు హీమోగ్లోబిన్‌ను పెంచుతుంది. కణాలు తక్కువ పగిలితే నాళాల మీద దెబ్బా తగ్గుతుంది. ఖరీదైన మందు కాదు. పాతికేళ్ల పైనుంచి ఉన్న పరీక్షా, మందూ అడవి దాకా ఎందుకు నడవలేదు? రోడ్డు లేకనా, మనసు లేకనా?

కార్డు సంగతి

ఇక సర్కారు మాట. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధానమంత్రి సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 17 రాష్ట్రాలు, 278 జిల్లాలు, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష. పరీక్షకు మేం వ్యతిరేకం కాదు. పరీక్ష కావాలి. కానీ పరీక్ష తర్వాత ఏముందన్నదే మా ప్రశ్న. "కార్డులు చూసుకుని పెళ్లిళ్లు చేసుకోండి, జబ్బు పిల్లలు పుట్టరు, జబ్బు పోతుంది" అని చెప్తున్నారు. పుట్టబోయేవాళ్ల సంగతి సరే. పుట్టినవాళ్ల సంగతి? వాళ్ల కన్ను, వాళ్ల మెదడు, వాళ్ల నాళాలు రోజూ తెగుతున్నాయి కదా. జబ్బును తీసేయడమంటే జబ్బు మనుషుల్ని లెక్కలోంచి తీసేయడం కాదు.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఈ జబ్బు నల్లవాళ్లకు ఎక్కువ. 1910లో షికాగోలో హెరిక్ అనే డాక్టరు దీన్ని మొదట రాసినప్పుడు ఆ రోగి గ్రెనడా దీవి నుంచి వచ్చిన నల్లజాతి విద్యార్థి. ఆ తర్వాత 60 ఏళ్లు ప్రభుత్వానికి పట్టలేదు. 1971లో బ్లాక్ పాంథర్ పార్టీ తన ఉచిత వైద్యశాలల్లో, వీధుల్లో తానే సికిల్ సెల్ పరీక్షలు పెట్టింది. 1972లో ప్రభుత్వం చట్టం చేయక తప్పలేదు. అదే 1972లో బొంబాయిలో ఆ పేరునే తీసుకుని దళిత పాంథర్స్ పుట్టారు. పేరు తెచ్చుకున్నాం, కవిత్వం తెచ్చుకున్నాం, పోరాటం తెచ్చుకున్నాం. ఆ వైద్యశాలను మాత్రం ఇటు మోసుకురాలేదు.

అక్కడ ఇంకో పాఠం కూడా ఉంది. కొన్ని రాష్ట్రాలు పరీక్షను తప్పనిసరి చేశాయి. జబ్బుకూ వాహకానికీ తేడా చెప్పలేదు. ఆరోగ్యంగా ఉన్న వాహకులకు ఉద్యోగాలు నిరాకరించారు, బీమా నిరాకరించారు. అమెరికా వైమానిక దళ అకాడమీ 1981 దాకా వాహకుల్ని చేర్చుకోలేదు. మన దగ్గర ఉద్యోగం కన్నా ముందు పెళ్లి ఉంది. మగపిల్లవాడి కార్డు పెట్టెలో ఉంటుంది, ఆడపిల్ల కార్డు ఊరంతా తిరుగుతుంది. ఒక వాహకురాలు వాహకుడు కానివాణ్ణి చేసుకుంటే జబ్బు పిల్లలు పుట్టరు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ లెక్క కూర్చోబెట్టి, వాళ్ల భాషలో చెప్పేవాళ్లు లేకుండా ఇచ్చే కార్డు, ఆ పిల్ల నుదుటి మీద వేసిన ముద్ర అవుద్ది. ముద్రలంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది ఎవరి జబ్బు?

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. "అది ఏజెన్సీవాళ్ల జబ్బు." మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి ఆదివాసుల్లో లేమాన్, కట్‌బుష్ అనేవాళ్లు కనుక్కున్నారు. అదే ఏడు అస్సాం తేయాకు తోటల కూలీల్లో కూడా కనబడింది. 1958లో నాగపూర్ డాక్టర్లు మధ్య భారతంలో దీని గురించి రాశారు. విదర్భలో ఇది ఎక్కువగా ఉన్న కులాల్లో మహర్లు ఒకరు. ఎవరు మహర్లు? బాబాసాహెబ్ పుట్టిన కులం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాదిగా బౌద్ధం తీసుకున్న జనం. మరి ఇది ఏజెన్సీ జబ్బు మాత్రమే ఎట్లా అవుద్ది?

హీనరక్తం, కులరక్తం అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు శాస్త్రం ఇచ్చిన జవాబు వినండి. ఈ మార్పు మలేరియా ఉన్న చోట నిలబడింది. 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో చూపించాడు, వాహకుల్ని మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. అందుకే ఆఫ్రికాలో, అరబ్బు దేశాల్లో, గ్రీసులో, మన అడవుల్లో ఇది ఉంది. గ్రీసు తెల్లవాడికి ఉన్నది ఏ కులరక్తం? జబ్బు దోమ ఉన్నచోట నిలబడింది, కులాన్ని బట్టి కాదు. వైద్యం మాత్రం కులాన్ని బట్టి అందుతోంది. గవర్నర్‌పేట నుంచి సూర్యారావుపేట దాకా నడవండి, అడుగడుక్కీ ఆసుపత్రి బోర్డే. స్కానింగులు ఉన్నాయి, కంటి యంత్రాలు ఉన్నాయి. కొండ మీది తల్లికి ఆ మెట్లెక్కే డబ్బు లేదు. అక్కడే కులం ఉంది.

డెల్టా మనోళ్లకు ఇంకో మాట. నాట్లు వేసే ఆడమనిషి కళ్లు తిరిగి పడితే ఇనుము బిళ్లలు చేతిలో పెట్టి పంపుతారు. చాలామందికి అవే కావాలి, నిజమే. కానీ ఏళ్ల తరబడి వాడినా రక్తం పెరక్కపోతే, కళ్లు పచ్చబడుతుంటే, ఎముకల నొప్పులుంటే హీమోగ్లోబిన్ రకం చూసే పరీక్ష చేయాలి. మ్యాపులో ఏజెన్సీ ఉందా లేదా అని కాదు, మనిషి ఒంట్లో లక్షణం ఉందా లేదా అని చూడాలి.

చట్టం ఇచ్చింది, చట్టం ఆపింది

2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను 21 వైకల్యాల్లో చేర్చింది. మంచిదే. చదువులో 5 శాతం రిజర్వేషన్ వీళ్లకూ వర్తిస్తుంది. కానీ అదే చట్టం 34వ సెక్షన్ సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం ఎవరికో చెప్పేటప్పుడు చూపులేనివాళ్లను, వినలేనివాళ్లను, నడవలేనివాళ్లను, ఇంకొందర్ని రాసి రక్తజబ్బులవాళ్లను వదిలేసింది. చదువుకో, ఉద్యోగం మాత్రం అడక్కు అన్నట్టు. రాష్ట్రంలో సికిల్ సెల్ వాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. దానికి సర్టిఫికెట్టు కావాలి, సర్టిఫికెట్టుకు పెద్దాసుపత్రి కావాలి, పెద్దాసుపత్రికి రెండు రోజుల కూలీ పోవాలి.

కాబట్టి ఈ సభ నుంచి మేం అడిగేవి ఇవి:

1. కార్డు ఉన్న ప్రతి జబ్బు మనిషికీ పదేళ్ల నుంచి ఏటా సర్కారు ఖర్చుతో కంటి వెనక పరీక్ష జరగాలి.

2. రెండేళ్ల నుంచి పదహారేళ్ల దాకా పిల్లలకు ఏటా మెదడు నాళాల డాప్లర్ పరీక్ష ఏజెన్సీ ఏరియా ఆసుపత్రుల్లోనే జరగాలి.

3. హైడ్రాక్సీయూరియా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ నెలా తెగకుండా ఉండాలి. దాన్ని వాడేవాళ్లకు రక్తకణాల లెక్క చూసే ఏర్పాటు అక్కడే ఉండాలి.

4. కార్డు ఇచ్చే ముందు జబ్బుకూ వాహకానికీ తేడా కోయలో, కువిలో, వాళ్ల భాషలో చెప్పాలి. కార్డు ఆ మనిషి సొత్తు. ఊరికి చూపించే నోటీసు కాదు.

5. 34వ సెక్షన్‌లో రక్తజబ్బుల్ని చేర్చాలి.

6. సర్టిఫికెట్టు ఇచ్చే డాక్టర్లు కొండకు రావాలి, కొండ డాక్టర్ల దగ్గరకు రానక్కర్లేదు.

ఇవి దయ కాదు, మన హక్కు. అడవిలో పుట్టిన బిడ్డకూ, డెల్టా పల్లెలో పుట్టిన బిడ్డకూ ప్రకృతి ఇచ్చిన లాస్టిక్ ఒకటే జత. అది తెగుతోందని తెలిసి, ఆపే బిళ్ల గోదాములో ఉండి, ఆపకపోతే అది జబ్బు చేసిన హత్య కాదు. ఇక్కణ్ణించి వెళ్లేటప్పుడు ప్రతి పల్లె సంఘం ఒక పని పెట్టుకోండి. మీ ఊళ్లో, మీ పక్క గూడెంలో కార్డు ఉన్నవాళ్లెందరు, వాళ్లలో కంటి పరీక్ష జరిగినవాళ్లెందరు, బిళ్ల అందుతున్నవాళ్లెందరు, ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకుని రండి. వచ్చే సభలో ఉపన్యాసం వద్దు. ఆ కాగితాలు తీసుకుని కలెక్టరు ఆఫీసుకు పోదాం.

జై భీమ్.